జైలు బిల్లు ఆగదు, ఫీజు బిల్లు ఆగుతుంది

గౌరవనీయులైన తెలంగాణ ముఖ్యమంత్రి శ్రీ రేవంత్ రెడ్డి గారికి, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి శ్రీ చంద్రబాబు నాయుడు గారికి,



ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. రేవంత్ రెడ్డి గారూ, 2015లో మీరు చర్లపల్లి జైల్లో దాదాపు నెల రోజులున్నారు. కూతురి నిశ్చితార్థానికి కొన్ని గంటల బెయిలు మీద వచ్చి, మళ్లీ లోపలికి వెళ్లారు. తర్వాత ఇంకోసారి జైలుకు వెళ్లినప్పుడు రాత్రంతా లైట్లు ఆర్పక నిద్ర పట్టేది కాదని శాసనసభలో మీరే చెప్పారు. చంద్రబాబు గారూ, మిమ్మల్ని 2023 సెప్టెంబరులో రాజమహేంద్రవరం సెంట్రల్ జైలుకు పంపారు. అక్టోబరు 31న హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చేదాకా యాభై రోజులకు పైగా అక్కడే ఉన్నారు. మిమ్మల్ని ములాఖత్‌లో కలిసి బయటికొచ్చిన పవన్ కల్యాణ్ గారు ఆ జైలు గేటు ముందే పొత్తు ప్రకటించారు. ఆ మాటకొస్తే మీకు ముందున్న ముఖ్యమంత్రి కూడా అంతకు చాలా ముందే చంచల్‌గూడలో పదహారు నెలలు గడిపినవారే. ఆ కేసుల మంచిచెడ్డలతో ఈ ఉత్తరానికి పని లేదు. శిక్ష పడకుండానే లోపల ఉండటం ఎలా ఉంటుందో మీకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు, అంతవరకే నాకు కావాలి.

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. బడ్జెట్ పుస్తకాలు చదవడం పాత అలవాటు, మానలేదు. ఆ పుస్తకాల్లో జైళ్ల ఖర్చు ఒకచోట ఉంటుంది, హోం శాఖ కింద. పేద పిల్లల పైచదువు ఖర్చు మాత్రం బీసీ సంక్షేమం, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ శాఖల్లో తలా కాస్త చెదిరి ఉంటుంది. అందువల్ల ఈ రెండు ఖర్చులనూ ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. ఈ ఉత్తరంలో నేను చేయబోయేది ఆ పనే.

ముందు దేశం లెక్క. జాతీయ నేర గణాంకాల సంస్థ చెప్పిన ప్రకారం 2022 డిసెంబరు 31 నాటికి మన జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. చోటున్నది 4,36,266 మందికి. ఉన్నవారిలో ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు 4,34,302 మంది. శిక్ష పడినవాళ్లందరినీ ఇవాళ ఇళ్లకు పంపేసినా, విచారణ ఖైదీలతోనే దేశంలోని జైళ్లన్నీ నిండిపోతాయన్నమాట. రెండు వేల చోట్లు కూడా మిగలవు. ఈ విచారణ ఖైదీల్లో సుమారు మూడింట రెండొంతుల మంది పదో తరగతి దాటనివాళ్లు. దాదాపు అంతే మంది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ కుటుంబాలవాళ్లు. ప్రభుత్వమే కాలేజీ ఫీజు చెల్లించే ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకాన్ని ఏ ఇళ్ల పిల్లల కోసం పెట్టారో, జైళ్లను నింపుతున్నదీ ఎక్కువగా ఆ ఇళ్లవాళ్లే.

మన రెండు రాష్ట్రాల పరిస్థితి ఇంత అన్యాయంగా లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఇక్కడి జైళ్లు ఉత్తరాది జైళ్లలా కిక్కిరిసి లేవు. 2025 ఇండియా జస్టిస్ రిపోర్టులో పోలీసు, కోర్టు, జైలు, న్యాయసహాయం అన్నీ కలిపి చూస్తే పెద్ద రాష్ట్రాల్లో కర్ణాటక తర్వాతి స్థానాలు ఆంధ్రప్రదేశ్‌, తెలంగాణలవే. ఒక్కో ఖైదీ మీద పెట్టే ఖర్చులో దేశంలో ముందు వరసలో ఉన్నది ఆంధ్రప్రదేశే. తలకు ఏడాదికి రెండు లక్షల రూపాయల పైమాటే. దీన్ని నేను తప్పు పట్టను. తిండి సరిగా పెట్టడం, మనిషిని మనిషిలా పడుకోనివ్వడం ఖర్చుతో కూడిన పని. బిహార్‌లో తక్కువ ఖర్చవుతోంది కదా, మనమూ తగ్గిద్దాం అనేవాళ్ల పక్కన నేను నిలబడను.

ఇప్పుడు రెండో లెక్క. ఎప్‌సెట్‌లో పదివేల ర్యాంకు దాటిన బీసీ పిల్లవాడికి ఇంజినీరింగ్ చదువు కోసం తెలంగాణ ప్రభుత్వం ఇస్తానన్నది ఏడాదికి 35 వేల రూపాయలు. కాలేజీ ఫీజు అంతకు మించితే మిగతాది ఇంట్లోవాళ్లు కట్టుకోవాలి. పైన చెప్పిన ఆంధ్రప్రదేశ్ జైలు ఖర్చు రెండు లక్షలను పన్నెండు నెలలకు పంచితే నెలకు పదహారు వేల పైచిలుకు వస్తుంది. ఒక విచారణ ఖైదీని రెండు నెలలు లోపల ఉంచే డబ్బుకు ఇంకో రెండు వేలు కలిపితే ఒక పిల్లవాడి ఏడాది ఫీజు. ఆరు నెలలు ఉంచితే ఆ పిల్లవాడి ఇంజినీరింగ్ మూడో ఏడాది దాకా వచ్చేస్తుంది.

మీ ఆర్థిక కార్యదర్శి ఇక్కడ చెయ్యి ఎత్తుతారు. జైలు ఖర్చులో పెద్ద వాటా సిబ్బంది జీతాలది, ఒక ఖైదీ తగ్గినంత మాత్రాన రెండు లక్షలు ఖజానాలో మిగలవు అంటారు. నిజమే, నా క్లాసులో మంచి విద్యార్థి ఎవరైనా అదే అనేవాడు. అయితే ఆ తర్కం కాలేజీకీ వర్తిస్తుంది. లెక్చరరు జీతం, బిల్డింగు, ల్యాబు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. బెంచీ మీద ఇంకొకడు కూర్చుంటే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు ఏమీ లేదు. రెండు వైపులా సగటే తీసుకున్నాను కాబట్టి పోలిక చెల్లుతుంది. పైగా ప్రభుత్వ పద్దులో ఎక్కని ఖర్చు జైలు వైపే ఎక్కువ. పోయిన కూలి, లాయరుకు విడతలవారీగా కట్టిన డబ్బు, ములాఖత్‌కు వచ్చేవాళ్ల బస్సు ఛార్జీలు ఇందులో లేవు.

ఆ ములాఖత్ గది మీకు తెలుసు కానీ, మీరు చూసింది అటువైపు నుంచి. ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో చెబుతాను. పొద్దున్నే గేటు బయట చీటీ రాయించుకోవాలి, ఆధార్ జిరాక్స్ ఇవ్వాలి. పిలుపు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. జాలీకి ఇవతల పది మంది, అవతల పది మంది, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. ఒక ముసలామె కొడుకుతో మాట్లాడిన పది నిమిషాల్లో సగం “బెయిలొచ్చిందంట గదా, మరి ఎప్పుడొస్తవ్?” అని అడగడానికే సరిపోయింది. ఆ కుర్రాడికి నిజంగానే బెయిలు వచ్చింది. పదివేల రూపాయల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు కావాలన్నది కోర్టు ఉత్తర్వు. వాళ్లది వలస కుటుంబం. ఈ ఊళ్లో ఇంటి పన్ను రసీదు ఉన్న మనిషి, వీళ్ల కోసం కోర్టు మెట్లెక్కే మనిషి ఒక్కరూ లేరు. ఉన్న ఒక్క పట్టాదారు పాసుపుస్తకం ఇంకో రాష్ట్రంలో ఉంది. కోర్టు బయట జామీను ఇప్పిస్తామని తిరిగే దళారులు అడిగిన రేటు వాళ్ల రెండు నెలల సంపాదన. బెయిలు కాగితం చేతికొచ్చాక కూడా ఆ కుర్రాడు లోపలే ఉన్నాడు.

1978లో మోతీరామ్ కేసులో సుప్రీంకోర్టు ఎదుటికి ఇదే సంగతి వచ్చింది. అతను తాపీమేస్త్రీ. కింది కోర్టు పదివేల జామీను అడిగింది. అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ జామీను తీసుకోలేదు. పేదవాడి బెయిలుకు ఇంత పెద్ద మొత్తమేమిటని, దేశంలో ఒక జిల్లావాడు ఇంకో జిల్లాలో పరాయివాడెలా అవుతాడని జస్టిస్ కృష్ణయ్యర్ గట్టిగా మందలించారు. ఇది జరిగి నలభై ఏళ్లు దాటింది. ఈ మధ్యలో చట్టాలూ వచ్చాయి, ఉత్తర్వులూ వచ్చాయి. బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చెప్పాలని, నెలలోగా జామీను పెట్టుకోలేకపోతే కోర్టే తనంతట తాను షరతులు సడలించడాన్ని పరిశీలించవచ్చని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఏటా 20 కోట్లతో ఒక పథకం పెట్టింది. బెయిలు వచ్చీ డబ్బు కట్టలేని విచారణ ఖైదీకి 40 వేల రూపాయల దాకా, జరిమానా కట్టలేక లోపలే ఉన్న శిక్షపడ్డ ఖైదీకి 25 వేల దాకా సాయం అని మొదట్లో ప్రకటించారు. మత్తుమందులు, అవినీతి, ఉగ్రవాదం లాంటి కేసులు ఇందులోకి రావు. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ నేరంలోనూ శిక్ష పడనివాడు తన మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే అతణ్ణి బాండు మీద విడిచిపెట్టాలి. యావజ్జీవం, ఉరిశిక్ష పడే నేరాలకు ఇది వర్తించదు. కోర్టుకు దరఖాస్తు పెట్టాల్సిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. పాత కేసులకూ ఇది వర్తిస్తుందని ఆ ఏడాది ఆగస్టులోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. చట్టానికి కొరత లేదు, కేంద్రం ఇచ్చే డబ్బుకూ లేదు. జిల్లా స్థాయిలో ఫైలు కదిపి, ఆ పథకం సాయాన్ని ఖరారు చేసే కమిటీని కూర్చోబెట్టే మనిషే కరువు.

ఇక కాలేజీ వైపు వద్దాం. ఇంజినీరింగ్ పాసైన ఒక అమ్మాయిని నాకు తెలుసు. నా దగ్గర చదివినవాడి కూతురే. క్యాంపస్ సెలెక్షన్‌లో ఉద్యోగం వచ్చింది, చేరే రోజున ఒరిజినల్స్ చూపించమన్నారు. కాలేజీ ఆఫీసులో బాకీ లేదనే నో డ్యూస్ కాగితం మీద సంతకం పెట్టలేదు. “గవర్నమెంట్ నుంచి రెండేళ్లది రాలేదమ్మా, మీరు కట్టేయండి, వాళ్లిచ్చాక మీకిచ్చేస్తాం” అన్నారు. డబ్బు మంజూరైనట్టు టోకెన్ పడిందని వెబ్‌సైట్ చూపిస్తోంది. డబ్బు మాత్రం పడలేదు. తండ్రి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టాడు. అసలు సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు కాపీ తీసుకెళ్లి చూపిద్దామని నేనంటే, “ఎందుకు సార్ గొడవ, పిల్ల బతుకు” అన్నాడాయన. కాలేజీని కూడా పూర్తిగా తిట్టలేను. అక్కడ లెక్చరర్లకు జీతాలు పడి నెలలవుతోంది.

ఆ జైల్లోని కుర్రాడినీ ఈ అమ్మాయినీ చూసిన తర్వాతే ఈ ఉత్తరం రాయాలనిపించింది. అతణ్ణి జామీను డబ్బు లేక ఆపారు, ఈమె సర్టిఫికెట్లను ఫీజు డబ్బు రాక ఆపారు. ఇద్దరి విషయంలోనూ అడ్డుపడ్డ మొత్తం వేలల్లోనే ఉంది. అయితే ఒకచోట ప్రభుత్వం ఠంచనుగా చెల్లిస్తోంది, ఇంకోచోట ఎగ్గొడుతోంది. లోపల ఉన్న మనిషికి ఈ పూట అన్నం పెట్టాలి, కాపలా ఉండాలి, వాయిదాకు వ్యాను పెట్టి తీసుకెళ్లాలి. వచ్చే మార్చిలో పెడతాం అనడానికి లేదు. చదువుకునే పిల్లకు మాత్రం ఆ మాట అనొచ్చు. ఆమె ఆగుతుంది, తండ్రి అప్పు చేస్తాడు, కాలేజీ జీతాలు ఆపుతుంది. ఖజానాలో డబ్బు తక్కువైనప్పుడు ఏది ఆపితే ఆ రోజుకు గొడవ ఉండదో దాన్నే ఆపుతారు. దీనికి ఏ పార్టీ ప్రభుత్వమూ మినహాయింపు కాదు. 2008లో రాజశేఖరరెడ్డి గారు ఉమ్మడి రాష్ట్రంలో ఈ ఫీజు పథకం మొదలుపెట్టిన దగ్గర్నుంచి పేర్లు మారాయి, డబ్బు తల్లి ఖాతాలో వెయ్యాలా కాలేజీ ఖాతాలో వెయ్యాలా అన్న పద్ధతులు మారాయి. బకాయి మాత్రం ప్రతి ప్రభుత్వమూ తర్వాతి ప్రభుత్వానికి అప్పగించి పోతూనే ఉంది. 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీలు బకాయిల కోసం తలుపులు మూసుకున్నాయి. ఉప ముఖ్యమంత్రి గారు కూర్చుని మాట్లాడాక తెరిచాయి. బకాయి కోసం జైలు తలుపులు మూసి, ఇవాళ ఖైదీలకు భోజనం లేదని బోర్డు పెట్టడం మీరెప్పుడైనా విన్నారా?

ఈ దారిలో మనకంటే ముందు నడిచినవాళ్లున్నారు. మన పిల్లలు ఎగబడి వెళ్లే కాలిఫోర్నియానే చూడండి. ముప్పై ఏళ్ల కిందట తమ బడ్జెట్‌లో పది శాతం విశ్వవిద్యాలయాలకూ మూడు శాతం జైళ్లకూ పోయేదని, ఇప్పుడు జైళ్లకు దాదాపు పదకొండు, విశ్వవిద్యాలయాలకు ఏడున్నర పోతున్నాయని 2010 జనవరిలో అప్పటి గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ చట్టసభలో చెప్పారు. మనం టెర్మినేటర్‌గా ఎరిగిన ఆయనే. జైళ్ల ఖర్చు పైచదువు ఖర్చును మించకుండా రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరిద్దామన్నారు. ఆ సవరణ జరగలేదు. మరుసటి ఏడాది జైళ్లు కిక్కిరిసిపోవడం మీద అమెరికా సుప్రీంకోర్టే జోక్యం చేసుకుని ఖైదీల సంఖ్య తగ్గించమంది. ఈనాటికీ అక్కడ ఒక ఖైదీ మీద ఏడాదికి అయ్యే ఖర్చు లక్ష డాలర్లు దాటే ఉంది. ఆ లక్ష డాలర్లు ఎంతో మీకు ఎవరైనా హెచ్1బీ కుర్రాడు చెబుతాడు. మన నిష్పత్తి అంత చెడలేదు, నిజమే. వాళ్లదీ ఒక్క రాత్రిలో చెడలేదు.

మన వ్యవస్థలో ఒక చిత్రం ఉంది. జైల్లో చదువుకునేవాళ్ల దగ్గర ఇగ్నో ఫీజు తీసుకోదు. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి మన జైళ్లలో స్టడీ సెంటర్లున్నాయి. లోపలికెళ్లి డిగ్రీ, పీజీ పూర్తిచేసి వచ్చినవాళ్లున్నారు. వేలిముద్రతో వచ్చినవాడు సంతకంతో వెళ్లాలని తెలంగాణ జైళ్ల శాఖ విద్యాదానం కార్యక్రమం నడిపింది. చాలా మంచి పని, నడిపినవారికి దండం పెడతాను. కానీ ఫీజు గురించీ టోకెన్ గురించీ నో డ్యూస్ గురించీ బెంగ లేకుండా పేదవాడు డిగ్రీ చదవగల చోటు జైలే కావడం మీ ఇద్దరికీ బాగుందా? సంగారెడ్డి పాత జైలును మ్యూజియం చేసి, రోజుకు 500 రూపాయలు తీసుకుని జైలు జీవితం రుచి చూపించారు అప్పట్లో. సరదాకి లోపలుండటానికి డబ్బు కట్టినవాళ్లూ ఉన్నారు, బయటికి రావడానికి కట్టలేనివాళ్లూ ఉన్నారు.

రెండు అభ్యంతరాలు వస్తాయని తెలుసు. ఒకటి, దొంగలనూ గూండాలనూ వదిలేయమంటున్నావా అని. కాదు. కోర్టు బెయిలు ఇవ్వనివాళ్ల ఊసు నేను ఎత్తలేదు. కోర్టు ఇచ్చినా డబ్బు లేక ఉండిపోయినవాళ్ల గురించీ, 479 కింద విడవాల్సి ఉండీ దరఖాస్తు పడనివాళ్ల గురించీ రాస్తున్నాను. రెండోది, రీయింబర్స్‌మెంట్ డబ్బుతో ఊరూపేరూ లేని కాలేజీలు బతికాయి కదా అని. బతికాయి. కట్టెల షెడ్డు లాంటి కాలేజీల్లో చదివిన పిల్లలు ఇంటర్వ్యూల్లో ఎలా నీళ్లు నమిలారో నేను చూశాను. ఆ కాలేజీల గుర్తింపు తీసేయండి, తనిఖీలు పెట్టండి, నేనే చప్పట్లు కొడతాను. కానీ కాలేజీ మంచిదైనా చెడ్డదైనా ప్రభుత్వం ఒకసారి సీటు కేటాయించి, ఫీజు నేనిస్తానని మాటిచ్చాక ఆ డబ్బు ఎగ్గొట్టడాన్ని తనిఖీ అనరు.

కొత్త పథకమేదీ అడగడం లేదు. పథకాల పేర్లతో గోడలు ఇప్పటికే నిండిపోయాయి. మీరిద్దరూ చేయగలిగినవి, ఒక్క జీవోతో అయ్యేవి అడుగుతున్నాను.

మీ రాష్ట్రంలోని ప్రతి జైలు సూపరింటెండెంటు నుంచీ నెల నెలా ఒక జాబితా తెప్పించుకోండి. బెయిలు వచ్చి వారం దాటినా లోపలే ఉన్నవాళ్లు ఎందరు, ఏ తేదీన బెయిలు వచ్చింది, ఎంత జామీను కావాలి, కేంద్రం ఇచ్చే సాయం కోసం జిల్లా కమిటీకి కాగితం వెళ్లిందా లేదా. 479 కింద అర్హులు ఎందరు, దరఖాస్తు ఎందరికి పడింది. ఖైదీల పేర్లు అక్కర్లేదు, అంకెలు చాలు. జిల్లా కలెక్టర్ల సమావేశంలో ధాన్యం కొనుగోలు మీద ఎలా నిలదీస్తారో దీని మీదా అలాగే నిలదీయండి. కమిటీ కూర్చోని జిల్లా పేరు చదవండి, మరుసటి నెలకే కూర్చుంటుంది.

ఫీజు డబ్బును జైలు భోజనంతో సమానంగా, వాయిదా వెయ్యకూడని ఖర్చుల్లో చేర్చమని ఆర్థిక శాఖకు రాతపూర్వకంగా చెప్పండి. మూడు నెలలకోసారి ఇంత అని తేదీ కట్టండి. తేదీ దాటితే ఆ ఆలస్యం మీద వడ్డీ ప్రభుత్వమే కట్టాలి, ఆడపిల్ల తండ్రి కాదు. ప్రభుత్వ బకాయి సాకుగా ఏ విద్యార్థి సర్టిఫికెట్టూ ఆపకూడదని, ఆపితే ఫిర్యాదు చేయడానికి ఒక ఫోన్ నంబరు, మూడు రోజుల గడువు పెట్టండి.

మీ కోసం పెద్ద లాయర్లు ఢిల్లీ నుంచి వచ్చారు, విమానాలెక్కి వచ్చారు. అయినా మీకు బయటికి రావడానికి వారాలు పట్టింది. ఏ లాయరూ రానివాడికి ఎన్నాళ్లు పడుతుందో మీరే ఊహించండి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లోగా బెయిలు వచ్చీ లోపలున్నవాళ్ల జాబితా, ఫీజు బకాయి ఉన్న విద్యార్థుల జాబితా, రెండింటినీ ఒకే కాగితం మీద అచ్చు వేయించి సభ ముందు పెట్టమని మీ ఇద్దరినీ చేతులెత్తి కోరుతున్నాను.

ఇట్లు,
రిటైరైన ఒక ఎకనామిక్స్ లెక్చరర్